మూడో పేజీ లేని రిపోర్టు

రూబీకి ఎవరి మీదా నమ్మకం లేదని కోటబొమ్మాళిలో చాలామంది అంటారు. మనుషులంటే ఆమెకు ఇష్టమే, వాళ్ళు చెప్పేదే నమ్మదు. టెక్కలిలో ఒక ప్రైవేటు ల్యాబులో పన్నెండేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తోంది. "పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదమ్మా" అని ప్రమాణం చేసిన పెద్దమనిషి మీసానికి కొబ్బరి చట్నీ అంటుకుని ఉండగా కళ్ళారా చూసింది. మనిషి అబద్ధమాడతాడు గానీ సీసాలో ఉన్నది ఆడదని ఆమె లెక్క.

అలాంటి మనిషి తన దగ్గర ఇల్లు కొంటుందని బిల్డరు తిరుమలరావుకి ముందు తెలియదు, పాపం. అతను స్టేషను వెనకాల లేఅవుటు వేసి, వరసగా అయిదిళ్ళు మొదలుపెట్టాడు. పునాదులు లేస్తుండగానే నాలుగో ఇంటికి రూబీ, ఆమె భర్త ఫిన్నీ అడ్వాన్సు ఇచ్చారు. ఫిన్నీ నౌపడ రైల్వే జంక్షనులో పాయింట్స్‌మన్. రూబీకి సొంత మేనమామ కొడుకు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు కాబట్టి, పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది, నువ్వనే అంటుంది.

ఇంట్లో ముందు హాలు, ఒక గది, వంటిల్లు. వెనక ఇంకో గది, దానికి తూర్పు కిటికీ. అసలు ఆ వెనక గది కోసమే ఇల్లు కొన్నారు. అది రూబీ తల్లి దానమ్మది. దానమ్మ నలభై ఏళ్ళు నౌపడ ఉప్పుమళ్ళలో ఉప్పు లాగింది. మొగుడు పోయాక కూతుర్ని ఆ ఉప్పు మీదే చదివించింది. తల్లి లేని మేనల్లుడు ఫిన్నీకి కూడా ఆవిడే అన్నం పెట్టి పెంచింది. ఆవిడ ఉంటున్న ఇంటి కప్పు రెండు తుపానులకి రెండుసార్లు లేచిపోయింది. "గాలొచ్చినా కదలని కప్పు కింద పడుకోవాలే అమ్మా" అని ఎప్పుడో ఒకసారి అన్నది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు గానీ రూబీ మరిచిపోలేదు.

2017 నవంబరుకి ఇల్లు తయారైంది. రిజిస్ట్రేషను సోమవారానికి ఖాయమైంది. ఆ పై శుక్రవారం పాస్టరు ఎలీషాగారు వచ్చి ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారని సంఘమంతటికీ చెప్పేశారు కూడా. సరిగ్గా అప్పుడే రూబీకి అనుమానం పట్టుకుంది.

దానికి కారణం రంగు. మిగతా నాలుగిళ్ళవాళ్ళు రంగుల కోసం తిరుమలరావు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నారు. వీళ్ళింటికి మాత్రం, వెనకవైపు మెట్ల కింద తప్ప, అడక్కముందే రెండు పూతలు వేయించాడు. వెనక గది కప్పుకైతే మూడు. పైగా కనిపించినప్పుడల్లా "సెల్లెమ్మా, సెల్లెమ్మా" అని తేనె కారుస్తున్నాడు. అతి వినయం ధూర్తలక్షణమని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? అడక్కుండా పూసిన రంగు కింద ఏదో ఉందని రూబీకి గట్టిగా అనిపించింది.

విజయనగరంలో ఉన్న పాత స్నేహితురాలు ఒక మనిషి గురించి చెప్పింది. పేరు నరసింగరావు, ఊరు బొబ్బిలి, రిటైరైన ఓవర్సీరు. కొత్త ఇల్లు కొనేవాళ్ళ తరఫున వచ్చి, ఇల్లంతా తట్టి చూసి, రిపోర్టు రాసిస్తాడు. బిల్డరు దగ్గర తీసుకోడు, కొనేవాళ్ళ దగ్గరే ఫీజు. కోటబొమ్మాళిలో ఇలాంటి పని ఒకటుందని ఎవరూ వినలేదు. రూబీకి నచ్చిందల్లా అతనిది బొబ్బిలి కావడం. ఇక్కడ చుట్టం లేడు, కులం లేదు, సంఘం లేదు. మొహమాటపడ్డానికి ఎవరూ లేరు.

"ఇప్పుడెందుకే అవన్నీ? సోమారం రిజిస్ట్రేసను ఎట్టుకుని," అన్నాడు ఫిన్నీ.

"అందుకే ఇప్పుడు. సంతకం ఎట్టీసినాక సూపించి ఏటి లాభం?"

"తిరుమలరావు ఏటనుకుంటాడు?"

"అనుకోనీ బావా. మనకేటి సుట్టమా?"

ఆ పూట ఫిన్నీ అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. మొహమాటం మనిషి, ఎదటివాళ్ళు నొచ్చుకుంటే తట్టుకోలేడు అనుకుని రూబీ ఆ కంచం తీసేసింది.

తిరుమలరావు నొచ్చుకున్న మాట మాత్రం నిజం. "పెళ్ళయిపోయి బోజనాలకాడ పిల్లకి డాట్రుని పిలిసినట్టున్నాది సెల్లెమ్మా," అన్నాడు.

"పెళ్ళింకా అవనేదన్నయ్యా. ముడి సోమారమే గదా," అంది రూబీ.

బుధవారం పొద్దున్న నరసింగరావు బస్సు దిగాడు. అరవై దాటిన బక్కపలచని మనిషి, భుజాన గుడ్డసంచి. అందులోంచి చిన్న సుత్తి, తూకం గుండు, నీళ్ళు నింపిన సన్నటి గొట్టం, టార్చిలైటు, చివరికి ఒక గోలీ తీశాడు. ఆ గోలీని స్నానాలగది నేల మీద వదిలితే అది తూము వైపు కాకుండా గుమ్మం వైపు దొర్లింది. రూబీ తిరుమలరావు మొహంలోకి చూసింది. అతను తలుపు గడియ ఎంత గట్టిదో చూపించడంలో పడ్డాడు.

ముసలాయన ఒక్కొక్క టైలూ తట్టాడు. బోలుగా మోగిన వాటి మీద సుద్దతో గుర్తు పెట్టాడు. గుమ్మాలు మూల కలిశాయో లేదో కొలిచాడు. ముందువైపు సజ్జ దగ్గర, వెనక మెట్ల పైన స్లాబు అంచు దగ్గర సుత్తితో చిన్న పెచ్చులు లేపి, ఆ పొడిని రెండు సీసాల్లోకి విడివిడిగా తీసుకున్నాడు.

"ఆ పొడి దేనికండీ?" అంది రూబీ.

"సూసి సెప్తానమ్మా. పరీచ్చ సెయ్యకుండా నోరు జారకూడదు."

ల్యాబులో రోజుకి ఇరవైమందికి ఆమె చెప్పే మాట అదే. అయినా ఇంకొకరి నోట వినేసరికి ఒళ్ళు మండింది. ఏదో దాస్తున్నాడనిపించింది.

నరసింగరావు చేతులు దులుపుకుని, "స్లాబు ఎప్పుడేసేరు? నీళ్ళెక్కడివి?" అని అడిగాడు.

"మే నెల్లోనండి," అన్నాడు తిరుమలరావు. నీళ్ళ సంగతికి జవాబు చెప్పకుండా ఫిన్నీ వైపు చూశాడు. ఫిన్నీ మెట్ల మీద నిలబడి రైలు పట్టాల వైపు చూస్తున్నాడు. తిరుమలరావు గుటక వేయడం రూబీకి స్పష్టంగా కనబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు అనుకుంది. ఆ చూపు ఎవరి వైపు వెళ్ళిందో మాత్రం పట్టించుకోలేదు.

రిపోర్టు శనివారం ఇస్తానని ముసలాయన వెళ్ళిపోయాడు. గురువారం మధ్యాహ్నం రూబీ టెక్కలి నించి ఆటోలో వస్తూ మళ్ళీ అతన్ని చూసింది. కోటబొమ్మాళి జంక్షనులో, టీ కొట్టు బల్ల మీద. పక్కన తిరుమలరావు, మేస్త్రీ గంగులు. ముగ్గురి చేతుల్లో టీ గ్లాసులు. తిరుమలరావు చొక్కా లోపల్నించి ఒక కవరు తీసి, అటూ ఇటూ చూసి, ముసలాయన చేతిలో పెట్టాడు. ముసలాయన అది గుడ్డసంచిలో దోపుకున్నాడు.

ఆటో ఆపమందామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది రూబీ. తనతో చెప్పకుండా ఈ ఊరు ఎందుకొచ్చాడు? ఆ కవరులో ఏముంది? ఆ మాత్రం తెలియకపోవడానికి తనేమైనా పసిపిల్లా? బొబ్బిలి మనిషైతే మాత్రం, కొనలేని మనుషులు ఏ ఊళ్ళో పుట్టారు గనక! ఇంటికొచ్చి ఆ సంగతి ఫిన్నీతో చెబితే అతను టీవీ కట్టేసి, "పోన్లేయే, ఏదో మాటాడుకుని ఉంటారు," అన్నాడు. అతని మంచితనానికి ఆమెకు జాలేసింది.

శనివారం సాయంత్రం డ్యూటీ నించి వస్తూ ఫిన్నీయే రిపోర్టు తెచ్చాడు. "టేసనుకాడ కలిసి ఇచ్చీసినాడు. బండికి టైమైపోయిందని ఇంటికి రానేదు," అని కవరు బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు.

రూబీ కాగితాలు తీసింది. చక్కటి చేతిరాత. మొదటి పేజీలో పునాది, గోడలు, వాటి నిలువు. రెండో పేజీలో గుమ్మాలు, కిటికీలు, బోలు టైళ్ళు, స్నానాలగది వాలు. అన్నీ చిన్న చిన్న లోపాలే. చివరి పేజీలో పేరు, తారీకు, సంతకం. ఇంతేనా అనుకుని, అలవాటు కొద్దీ కాగితాల అడుగు చూసింది. ల్యాబులో ఏ రిపోర్టయినా పేజీల అంకెలు సరిచూశాకే ఆమె చేతినించి కదులుతుంది. నరసింగరావు కూడా ఆ అలవాటున్న మనిషే. మొదటి కాగితం అడుగున "4లో 1" అని ఉంది. రెండోదాని మీద "4లో 2". సంతకం ఉన్నదాని మీద "4లో 4". మూలన పాత పిన్ను తీసిన చిల్లులు రెండు, వాటి పక్కనే కొత్త పిన్ను.

"మూడో పేజీ ఏది బావా?"

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన ఫిన్నీ ఆ తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు. "నాకేటి తెలుసు? అదే ఇచ్చినాడు. ముసిలోడు గదా, అంకి తప్పేసుంటాడు."

"అంకి తప్పేసినోడు పిన్ను రెండుసార్లెందుకు కొడతాడు?"

ఫిన్నీ చొక్కా వెతుక్కోవడానికి గదిలోకి వెళ్ళాడు. రూబీకి జవాబు అక్కర్లేదు కూడా. ఆమె లెక్క ఎప్పుడో తేలిపోయింది. ముసలాయన నాలుగు పేజీలు రాశాడు, తిరుమలరావు కవరు ఇచ్చాడు, ఒక పేజీ ఊడిపోయింది. ఫోన్ చేసి నిలదీద్దామనుకుంది గానీ, దొంగకి ముందే చెప్పి సర్దుకునే వ్యవధి ఇవ్వడమెందుకని ఆగింది. ముందు ఆ పేజీలో ఏముందో తనే కనిపెట్టాలి. తరవాత ముసలాడి పనీ తిరుమలరావు పనీ కలిపి పట్టాలి.

రాత్రి వంట చేస్తూ ఆలోచించింది. పునాది ఉంది, గోడలున్నాయి, తలుపులున్నాయి, నేలుంది. ఇంటికి ఇంకేముంటుంది? కప్పు. చేతికొచ్చిన మూడు పేజీల్లో కప్పు గురించి ఒక్క ముక్క లేదు.

ఆదివారం తెల్లారకుండానే ఫిన్నీ డ్యూటీకి వెళ్ళాడు. ఆరాధన అయ్యాక, గుడికి వచ్చిన తల్లిని తీసుకుని రూబీ కొత్తింటికి వెళ్ళింది. దానమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, తిన్నగా తన గదిలోకి నడిచి, తూర్పు కిటికీ తీసింది. ఊచల మీద చెయ్యి పెట్టి కాసేపు బయటికి చూసింది. "బాగున్నాదే," అంది. ఈ కప్పులో ఏముందో తెలిసేదాకా ఆ మాట వినకుండా ఉండాల్సింది అనుకుంది రూబీ.

పైకి చూస్తే మూల దగ్గర, మూడు పూతల రంగు కింద, అరచెయ్యంత మేర బుడగలా ఉబ్బి ఉంది. రూబీ స్టూలెక్కి గోరుతో గీకింది. రంగు పెచ్చు ఊడింది. దాని కింద తెల్లటి పొడి, పిండిలా మెత్తగా.

"సున్నమేటే?" అంది దానమ్మ.

"సిమెంటులోంచి వస్తాదంటారమ్మా అలగ."

"ఇలాగియ్యి."

దానమ్మ ఆ పొడి వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంది. నలభై ఏళ్ళు మడిలో నీరు ఎప్పుడు పేరుకుంటుందో నాలుకతోనే చెప్పిన మనిషి. కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒకసారి అద్దుకుంది.

"సున్నమైతే నాలిక్కి కరుస్తాది. ఇది కరవనేదు. ఇది ఉప్పు," అంది. "అదీ మడిలో పండినది కాదే. సివర్న సేదు తగులుతన్నాది సూడు, అది ఇంకా మడికెక్కని పచ్చినీటి రుసి. మన నౌపడ వేపు మళ్ళగట్టు నూతులున్నాయే, ఆ నీరు. ఈ కప్పుకి ఆ నీరెవులు పోసినారే?"

రూబీ స్టూలు మీదే కూర్చుండిపోయింది. తరవాత వెనక మెట్లెక్కి, ముసలాయన స్లాబు అంచు పెచ్చు లేపిన చోట తనూ నాలుకతో చూసింది. ఉప్పే. ముందువైపు సజ్జ దగ్గర చూస్తే ఉప్పు లేదు. ఇక ఆగలేక ఫోన్ తీసి నరసింగరావుకి కొట్టింది.

"ఎంతిచ్చాడండీ తిరుమలరావు మీకు?"

"అదేటమ్మా ఆ మాట?"

"మూడో పేజీ తీసేయడానికండీ. కప్పులో ఉప్పున్నాది. మా యమ్మ నాలికతో సెప్పింది, మీరు సీసాలట్టుకెళ్ళి కూడా సెప్పనేకపోయారు."

"అమ్మా, నేను నాలుగు పేజీలూ పిన్ను కొట్టి మీ ఆయన సేతిలో ఎట్టేను. ఇంటికొచ్చి ఇస్తానంటే, వద్దు, నానే అట్టుకెళ్తానన్నాడు."

రూబీ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఉన్నారా అమ్మా?"

"గురువారం టీ కొట్టుకాడ కవరు తీసుకున్నారు. నేను సూసినాను."

"తీసుకున్నాను. ఆ కాగితం నకలు నా దగ్గరే ఉన్నాది, సదువుతాను." కాగితం మడత విప్పిన చప్పుడు. "స్లాబు రోజు మద్దేనం నించి వాడిన రెండు ట్యాంకర్ల నీళ్ళు నేనే తెప్పించాను. వాటి మంచిచెడ్డలు నావే గాని బిల్డరువి కావు. ఇట్లు, ఫిన్నీ." ముసలాయన గొంతు తగ్గించాడు. "నీళ్ళ సంగతి అడిగేను గదా, తనకేటీ సంబంధం లేదని సూపించడానికి తిరుమలరావే తెచ్చిచ్చేడు. మేస్త్రీని కూడా అడిగి రూఢి సేసుకున్నాను. అదంతా రాసేనమ్మా మూడో పేజీలో."

తరవాత అతను చెప్పినదంతా రూబీ విన్నది. వెనక సగం పొడిని నీళ్ళలో కలిపి మందు చుక్కలు వేస్తే పాలలా తెల్లబడిపోయింది. ముందు సగం పొడి అలా తెల్లబడలేదు. ఉప్పు లోపలి ఇనప ఊచల్ని తింటుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటుని పగలదీస్తుంది. అయిదేళ్ళో ఏడేళ్ళో అయ్యాక పెచ్చులు రాలతాయి, ఆ పైన ఏది రాలుతుందో చెప్పలేం. రంగు వేసినంత మాత్రాన ఆగేది కాదు. మధ్య దూలం దాకా వెనక సగం పగలగొట్టి మళ్ళీ వెయ్యాలి. "ఆ గదిలో ఎవరు పడుకుంటారమ్మా?" అని అడిగాడు. రూబీ చెప్పలేక ఫోన్ పెట్టేసింది.

ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇక్కడ ఉప్పుమడి ముసలమ్మ ఒక్క వేలితో పట్టేసింది. పట్టినదెవరినో ఆవిడకింకా తెలియదు. కిటికీ దగ్గర నిలబడి, "ఎవులంటే?" అని అడుగుతోంది.

మూడు గంటలకి ఫిన్నీ డ్యూటీ దిగి, ఇల్లు తాళం వేసి ఉండడం చూసి కొత్తింటికే వచ్చాడు. గదిలో స్టూలు, ఊడిన రంగు, కింద రాలిన తెల్లపొడి చూశాడు. ఎవరూ ఏమీ అడగకముందే భుజాన ఉన్న సంచి దింపి, టిఫిన్ డబ్బా అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి రూబీకి ఇచ్చాడు. దాని అడుగున "4లో 3" అని ఉంది.

"సెప్పు," అంది రూబీ.

అతను చెప్పాడు. మే నెల, స్లాబు రోజు. ఆవేళ రూబీకి ల్యాబులో సెలవు దొరకలేదు. ఆనవాయితీ ప్రకారం కూలీలకి మేకపోతు కోయించాడు, అది పొయ్యి మీద ఉడుకుతోంది. సగం స్లాబు పడేసరికి మధ్యాహ్నమైంది. నీళ్ళ ట్యాంకరు దారిలో చెడిపోయింది. కాంక్రీటు కలిపే మర తిరుగుతోంది, ముప్ఫైమంది తట్టలు పట్టుకుని నిలబడ్డారు. స్లాబు సగంలో ఆగితే అతుకు పడుతుందని, జన్మంతా కారుతుందని మేస్త్రీ గంగులు అరుస్తున్నాడు. సగంలో ఆగిన స్లాబు ఇంటికి మంచిది కాదని ఎవరో అన్నారు. ఫిన్నీ నౌపడలో తనకి తెలిసిన అసిరయ్యకి ఫోన్ చేశాడు. అసిరయ్య గంటలో రెండు ట్యాంకర్లు తెచ్చాడు. తిరుమలరావు ఆ నీళ్ళు చూసి, "నాకు సంబందం నేదు, రాసిచ్చీ," అన్నాడు. ఫిన్నీ సిమెంటు బస్తా మీద కాగితం పెట్టి రాసిచ్చాడు.

"నీరు నోట్లో ఏసుకుని సూసినావా బావా?" అంది రూబీ.

ఫిన్నీ తల వంచుకున్నాడు.

"ఉప్పుమళ్ళ గట్టు మీద పుట్టినోడివి. సూసినావా, నేదా?"

"సూసినాను."

"ఉప్పగా ఉన్నాదా?"

"కొంచిం."

కొంచిం! "ఈ గదిలో మా యమ్మ పడుకుంటాది!" అని అరిచింది రూబీ. ఆ అరుపు ఖాళీ ఇంట్లో మోగింది.

"నాకు మాత్రం అత్త కాదేటి?" అన్నాడు ఫిన్నీ, ఏడుస్తూ. "అలగవుతాదని ఆవేళ తెల్దే. రంగు ఉబ్బినప్పుడు తెలిసింది. తిరుమలరావుతో సెప్తే ఇంకో పూత కొట్టించేడు. కొన్నాళ్ళాగి నానే ఎలాగోలాగ బాగుసేయిద్దామనుకున్నాను."

"నాతో ఎందుకు సెప్పనేదు?"

ఫిన్నీ కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు లోకంలో అందరినీ అనుమానిస్తావు," అన్నాడు. "పాస్టరుగారి లెక్క కూడా సూస్తావు. నన్నొక్కడినే సూడవు. నాను ఏ కాగితం ఇచ్చినా సూడకుండా నమ్మి పక్కనెట్టుకుంటావు. అది పోతాదని బయమేసిందే."

రూబీ గోడకి ఆనుకుంది. కోపం వస్తోంది, దానితోబాటు ఏడుపూ వస్తోంది. ఊరందర్నీ సుత్తితో తట్టి చూసిన తను పక్కనున్న మనిషిని ఒక్కసారి తట్టలేదు. అన్నం వదిలేసినప్పుడు, మెట్ల మీద మొహం తిప్పుకున్నప్పుడు, తువ్వాలు తియ్యనప్పుడు, అన్నీ కళ్ళముందే జరిగాయి. ఒక్కటీ చూడలేదు.

దానమ్మ అంతా వింటూ నిలబడింది. తరవాత కిటికీ మూసి గడియ పెట్టింది. "మడిలో సెడ్డ నీరు దిగితే ఏటి సేస్తాం? ఆ మడి తెగ్గొట్టి పారబోసి మళ్ళీ పెడతాం. ఏడిస్తే మంచినీరవుతాదేటి?" అంది. "పగలగొట్టించండి. అందాకా నా కొంపలోనే ఉంటాను." మేనల్లుడి పక్కనుంచి వెళ్తూ అతని తల మీద చెయ్యి వేసింది.

సోమవారం రిజిస్ట్రేషను జరగలేదు. రూబీ మూడో పేజీ పట్టుకుని తిరుమలరావు దగ్గరికి వెళ్ళింది. అతను తేనె మానేసి, జేబులోంచి ఒక కాగితం తీసి, "నా కాడ మీ ఆయన రాసిచ్చిన కాగితమున్నాది," అన్నాడు.

"ఉన్నాది. ఆ కాగితం రాయించుకున్నావంటే నీళ్ళు సెడ్డవని నీకు ముందే తెలుసన్నమాటే గదా అన్నయ్యా. తెలిసీ పోయించి, తెలిసీ మూడు పూతలు కొట్టించినావు. నరసింగరావుగారు ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి ఇదే మాట సెప్తానన్నారు. మిగతా నాలుగిళ్ళకీ కూడా ఆయన్నే పిలుద్దామంటన్నారు మనవాళ్ళు."

తిరుమలరావు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూలీ తనది, సామాను వీళ్ళది అనే ఒప్పందానికి రెండు రోజుల్లో వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన వాయిదా పడింది. ఎందుకని సంఘంలో అందరూ అడిగితే, ఫిన్నీయే లేచి నిలబడి తన తప్పని చెప్పాడు.

జనవరి ఆఖర్న వెనక సగం స్లాబు మళ్ళీ వేశారు. నరసింగరావు గొడుగు పట్టుకుని ఊచలు లెక్కపెడుతూ తిరిగాడు. ఈసారి మేకపోతు లేదు, సాంబారన్నం. రెండు ట్యాంకర్లు పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో దానమ్మ కూర్చుంది. ప్రతి ట్యాంకరు నీళ్ళూ ముందు చెంబుతో ఆవిడ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆవిడ పుక్కిట పట్టి, ఉమ్మేసి, చెయ్యి ఊపాకే మేస్త్రీ గంగులు మర తిప్పనిచ్చాడు. "మావ్వ సీలు ఏస్తే గాని కాంక్రీటు కదలదురోయ్," అని కూలీలు నవ్వుకున్నారు.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. పొద్దున్నించి నిలబడే ఉన్న రూబీ ఇసక కుప్ప పక్కన నీడలో కూలబడింది. ఫిన్నీ ఎక్కడినించో పరుగున వెళ్ళి, ఇంటినించి స్టీలు గ్లాసులో చల్లటి నీళ్ళు తెచ్చాడు. "తాగే, కళ్ళు తిరుగుతాయి," అన్నాడు.

రూబీ గ్లాసు అందుకుని ఒక గుక్క నోట్లో పోసుకుంది. మింగలేదు. నీళ్ళు నాలుక మీద ఒక్క క్షణం ఆపింది. తనేం చేస్తోందో తనకే అప్పుడు తెలిసి, గబుక్కున మింగేసి తల ఎత్తింది.

ఫిన్నీ చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, దాన్ని తీసుకుని ఇంకో గ్లాసు తేవడానికి వెళ్ళాడు.